ఇనుప మెట్ల దారి... పక్కనే రాబందుల జాతర!

కొండ ఎక్కడం మనకి కొత్తేమీ కాదు. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి దగ్గర బయల్దేరి, మూడున్నర వేల మెట్లు ఎక్కి ఏడుకొండలవాణ్ణి చూసొచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు పీకుతున్నా, పక్కావిడ ఎక్కుతుంటే మనమెందుకు ఆగాలని పంతం పట్టి ఎక్కేసినవాళ్ళమే కదా అందరం!

మరి ఆ కొండకి మెట్లు లేకపోతే? గోడలా నిటారుగా నిలబడి ఉంటే? కాలు పెట్టడానికి గుప్పెడు ఇనుప కడ్డీ, పట్టుకోవడానికి ఓ ఉక్కు తాడు మాత్రమే ఉండి, కింద వందల అడుగుల లోతున నది మెరుస్తుంటే? పైపెచ్చు ఎనిమిదడుగుల రెక్కలు చాచిన రాబందు మన పక్కనుంచే, మన కళ్ళ ఎత్తులోనే, చప్పుడు లేకుండా జారిపోతుంటే?

'అమ్మో! మనకెందుకమ్మా ఆ గొడవ!' అంటున్నారా? ఆగండాగండి. ఈ దారులు వేసింది పర్వత వీరుల కోసం కాదు. తాడు కట్టడం రానివాళ్ళు, కొండరాయి మీద ఎన్నడూ చెయ్యి వేయనివాళ్ళు కూడా గైడు వెంట ఎక్కడానికి వీలుగా వేసినవి. యూరప్‌లో అమ్మలూ, పిల్లలూ, రిటైరైన దంపతులూ సెలవురోజున వెళ్ళి ఎక్కి వస్తారు. దీని పేరు 'వయా ఫెర్రాటా'. ఇటాలియన్ భాషలో 'ఇనుప దారి' అని అర్థం. (వాళ్ళ భాషలో రైలుమార్గాన్ని కూడా ఇంచుమించు ఇలాగే 'ఫెర్రోవియా' అంటారు లెండి!)

యుద్ధం వేసిన దారులు

కొండరాయికి ఇనుము దిగ్గొట్టి ఎక్కడం పాత అలవాటే. 1843లోనే ఆస్ట్రియాలో డాక్‌స్టైన్ అనే కొండ మీద ఫ్రీడ్రిష్ సిమోనీ అనే భూగోళ శాస్త్రవేత్త ఇనుప కొక్కేలు, తాళ్ళు అమర్పించాడు. అయితే ఈ దారులకి అసలు పేరు వచ్చింది మాత్రం మొదటి ప్రపంచయుద్ధం వల్ల. 1915లో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధానికి దిగింది. సరిహద్దు సరిగ్గా డోలమైట్ పర్వతాల మీదుగా పోతుంది. రెండు సైన్యాలూ ఆ శిఖరాల మీదే గుహలు తొలుచుకుని కూర్చున్నాయి. పైనున్న సైనికుడికి రొట్టె అందాలన్నా, తూటా అందాలన్నా, గాయపడ్డవాణ్ణి కిందికి దించాలన్నా దారి కావాలి. అందుకని రాతిలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టారు, నిచ్చెనలు కట్టారు, తాళ్ళు బిగించారు. అక్కడ శత్రువు తూటా కన్నా చలీ, మంచుచరియలూ ఎక్కువ ప్రాణాలు తీశాయంటారు.

యుద్ధం ముగిసింది. సైనికులు వెళ్ళిపోయారు. ఇనుము మిగిలిపోయింది. తరువాత కొండలెక్కే సంఘాల వాళ్ళు ఆ పాత దారుల్ని బాగుచేసి, కొత్తవి కలిపి, అందరూ నడిచేలా చేశారు. చంపుకోవడానికి వేసిన దారి, సెలవుల్లో పిల్లలతో వెళ్ళే దారి అయింది! ఆ డోలమైట్ పర్వతాలు 2009 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం కూడాను.

ఫ్రాన్స్‌లో మొదటి వయా ఫెర్రాటాని 1988లో ఆల్ప్స్ ప్రాంతంలోని ఫ్రెసినియేర్‌లో తెరిచారు. ఆ తరువాత ఊరూరా పోటీలు పడి వేసుకున్నారు. మనం ఇవాళ చెప్పుకోబోయేది ఆ దేశపు దక్షిణాన, మియో అనే చిన్న పట్టణం దగ్గర, బోఫీ అనే కొండ అంచున వేసిన దారి గురించి.

రెండు కొక్కేల లెక్క

ముందు, ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. కొండ ముఖం పొడవునా వేలెడు లావు ఉక్కు తాడు ఒకటి వెళ్తూ ఉంటుంది. కొన్ని అడుగులకి ఒకచోట దాన్ని రాతిలోకి దిగేసిన మేకుకి బిగిస్తారు. కాలు మోపడానికి అక్కడక్కడ ఇనుప కడ్డీలు ఉంటాయి. లోయ అడ్డొస్తే తాళ్ళ వంతెన. కొన్నిచోట్ల ఆ వంతెన కాలికి ఒక తాడు, చేతులకి రెండు తాళ్ళు, అంతే!

మీ నడుముకీ తొడలకీ పట్టీలతో కూడిన 'హార్నెస్' కడతారు. తల మీద హెల్మెట్. హార్నెస్ ముందు భాగం నుంచి రెండు పట్టీలు వేలాడుతుంటాయి. ఒక్కో పట్టీ చివర ఒక్కో కొక్కెం. దీన్ని కారబైనర్ అంటారు. అరచేత్తో నొక్కితేనే తెరుచుకుంటుంది, వదిలితే దానంతటదే మూసుకుని తాళం పడిపోతుంది. రెండు కొక్కేలూ ఉక్కు తాడుకి తగిలించి నడవాలి. మేకు దగ్గరికి రాగానే ఒక కొక్కెం తీసి మేకుకి అవతల తగిలించాలి. ఆ తరువాతే రెండోది తీయాలి. ఎట్టి పరిస్థితిలోనూ రెండూ ఒకేసారి తీయకూడదు. మొత్తం విద్యంతా ఈ ఒక్క మాటలో ఉంది. దండెం మీద ఉతికిన చీర జరుపుతాం చూడండి... ఒక క్లిప్పు తీసి ముందుకి పెట్టాకే రెండోది తీస్తాం. రెండూ తీసేస్తే చీర మట్టిలో పడుతుంది. అచ్చం అంతే. కాకపోతే ఇక్కడ చీర స్థానంలో ఉన్నది మనం!

ఇంకో సంగతి. ఆ పట్టీలు హార్నెస్‌తో కలిసే చోట చిన్న సంచీ ఒకటి ఉంటుంది. అందులో గట్టిగా మడిచి కుట్టిన పట్టీ ఉంటుంది. పాత జాకెట్టు విప్పదీసేటప్పుడు ఒక్క గుంజు గుంజితే కుట్లు పర్రుమని ఊడతాయి కదా? మనం జారిపడితే ఆ పట్టీ కూడా అలాగే కుట్టు వెంట కుట్టు ఊడుతూ పోతుంది. అలా ఊడడంలోనే పడిన ఊపు తగ్గిపోతుంది. ఇది లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఉక్కు తాడు సాగదు. మనం కింది మేకు దాకా జారి, అక్కడ ఒక్కసారిగా ఆగిపోతాం. ఆ కుదుపుకి నడుము విరుగుతుంది, పట్టీయే తెగినా తెగొచ్చు. అందుకే మామూలు తాడుముక్కతో వయా ఫెర్రాటా ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. ఆ కుట్టు ఒకసారి ఊడిందంటే ఆ పరికరం ఇక పనికిరాదు. పారేయాల్సిందే.

2017లో యూరప్ వాళ్ళు ఈ పరికరానికి ప్రమాణాలు కఠినం చేశారు. 40 కిలోల నుంచి 120 కిలోల బరువున్నవాళ్ళకి అది సరిగా పనిచేయాలి. అంటే 40 కిలోలకి తక్కువున్న పిల్లల బరువుకి ఆ కుట్లు సరిగా ఊడకపోవచ్చు. కుదుపంతా ఒంటి మీదే పడుతుంది. కాబట్టి చిన్నపిల్లల్ని గైడు తన తాడుకి విడిగా కట్టుకుని తీసుకెళ్తాడు. 'అందరికీ ఒకే కొక్కెం కదా, ఫరవాలేదులే' అనుకోకూడదన్నమాట.

గైడు చేసే పనేమిటి?

దారి అంతా ఇనుము బిగించి ఉంటే గైడెందుకూ అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో డబ్బు తీసుకుని జనాన్ని ఇలా ఎక్కించాలంటే ప్రభుత్వ డిప్లొమా తప్పనిసరి. గైడు ముందుగా నేల మీదే, కాలు ఎత్తు మాత్రమే ఉన్న తాడు మీద మీ చేత కొక్కేలు మార్పిస్తాడు. మీ చెయ్యి ఆ అలవాటు పట్టేదాకా కొండ దగ్గరికి పోనివ్వడు. ఎవరి హార్నెస్ ఎలా బిగిసిందో ఒక్కొక్కరిదీ లాగి చూస్తాడు. రెండు మేకుల మధ్య ఒకరే ఉండేలా చూస్తాడు. ఎందుకంటే పైవాళ్ళు జారితే కిందివాళ్ళ మీదే పడతారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆకాశం చూస్తాడు. ఉరుము వినబడితే ఆరోజుకి ఎక్కడం లేదు. కొండంత పొడవున ఉక్కు తాడు! పిడుగుకి అంతకన్నా మంచి దారేం కావాలి? 'ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టాం' అని బతిమాలినా మంచి గైడు వినడు. వింటే అతను మంచి గైడు కాడనే లెక్క.

ఇక సగం దారిలో కాళ్ళు వణికి, 'నావల్ల కాదు, నేను కదల్ను' అనేవాళ్ళు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. వాళ్ళతో కోప్పడకుండా, ఎగతాళి చేయకుండా, 'కిందికి చూడకండి, మీ చెయ్యి చూడండి, ఇప్పుడు ఆ కొక్కెం తీయండి' అని ఒక్కో అడుగూ వేయించడం గైడు అసలు ప్రతిభ. భయపడటం తప్పు కాదు. చెప్పకుండా దాచుకోవడమే ప్రమాదం.

చీజూ, గ్లోవులూ, గొర్రెలూ

మియో పట్టణం తార్న్, డుర్బీ నదులు కలిసే చోట ఉంది. చుట్టూ బల్లపరుపుగా సున్నపురాతి పీఠభూములు. వాటిని అక్కడివాళ్ళు 'కోస్' అంటారు. నదులు ఆ సున్నపురాతిని లక్షల ఏళ్ళుగా కోసుకుంటూ పోయి లోతైన లోయలు చేశాయి. మన గండికోట దగ్గర పెన్న కొండని చీల్చుకుని పోయినట్టుగా ఊహించుకోండి. ఈ కొండల ప్రాంతాన్ని 1995లో ప్రాంతీయ ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు. పక్కనే సెవెన్ జాతీయ ఉద్యానం ఉంది. 2011లో యునెస్కో వాళ్ళు ఈ కోస్, సెవెన్ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. చేర్చింది కొండల అందాన్ని చూసి మాత్రమే కాదండోయ్... అక్కడి గొర్రెల కాపరుల జీవనవిధానాన్ని చూసి!

అవును, ఆ ప్రాంతమంతా గొర్రెల మీదే బతికింది. ఆ గొర్రెపాలతోనే 'రోక్‌ఫోర్' అనే నీలిచారల చీజ్ చేస్తారు. రోక్‌ఫోర్ ఊరి కొండ కింద రాతి పగుళ్ళలోంచి చల్లగాలి వీచే గుహలున్నాయి. అక్కడే అది మాగాలి. పాలు తోడుపెట్టింది మొదలు తినడానికి సిద్ధమయ్యేసరికి కనీసం మూడు నెలలు. మన జున్నుతో దానికి పోలికే లేదు. ఘాటు వాసన, ఉప్పుదనం. (ఒక చిన్న మాట... ఇది కాచని పాలతో చేస్తారు కాబట్టి గర్భవతులు తినకూడదు. పాలు విరవడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు కాబట్టి శాకాహారులకీ పనికిరాదు.)

పాలు చీజుకి కావాలంటే గొర్రెపిల్లల్ని తొందరగా తల్లి దగ్గర్నుంచి తీసేయాలి. ఆ లేత గొర్రెపిల్లల తోలుతో మియోలో చేతి తొడుగులు తయారయ్యేవి. ప్యారిస్ దొరసానుల చేతులకి మియో గ్లోవులే! తోలు కత్తిరించడం మగవాళ్ళు ఫ్యాక్టరీల్లో చేస్తే, కుట్టడం చాలావరకు ఆడవాళ్ళ పని. ఎందరో ఇంటి దగ్గరే, వంటా పిల్లల పనీ అయ్యాక కూర్చుని కుట్టేవారు. బీడీలు చుట్టే మన తెలంగాణ ఆడపడుచులూ, లేసులల్లే మన నరసాపురం ఆడపడుచులూ గుర్తురావడం లేదూ?

పాలు ఒకరికి, తోలు ఒకరికి. మరి మంద మేస్తూ మేస్తూ చచ్చిపోయిన గొర్రె ఎవరికి? దానికీ ఓ హక్కుదారు ఉండేది. రాబందు!

పోయిన పక్షి తిరిగొచ్చింది

ఇంట్లో పాకీపని చేసేవాళ్ళు ఒక్కరోజు రాకపోతే ఎలా ఉంటుందో మనకి తెలుసు. ప్రకృతికి రాబందు చేసేది అదే పని. గొర్రె కళేబరాన్ని ఒక గుంపు గంటలోపే ఎముకలు మిగిల్చి శుభ్రం చేసేస్తుంది. కుళ్ళు ఉండదు, వాసన ఉండదు. దాని కడుపులోని ఆమ్లం ఎంత గట్టిదంటే, మనల్ని చంపే రోగక్రిములు కూడా అందులో చాలామటుకు చచ్చిపోతాయి.

అయినా మనిషికి ఆ పక్షి అంటే అసహ్యం. తుపాకులతో కాల్చారు. తోడేళ్ళ కోసం పెట్టిన విషపు ఎరలు తిని కొన్ని చచ్చాయి. చచ్చిన గొర్రెల్ని బయట వదలకూడదన్న నిబంధనలొచ్చి తిండి కరువైంది. చివరికి 1940ల నాటికి ఆ లోయల్లో ఒక్క గ్రిఫాన్ రాబందు కూడా మిగల్లేదు.

తరువాతి తరంలో మిషెల్ తెరాస్, ఝాఁ-ఫ్రాంస్వా తెరాస్ అనే అన్నదమ్ములు, మరికొందరు పక్షిప్రేమికులు కలిసి వాటిని మళ్ళీ తేవాలని సంకల్పించారు. మొదటి ప్రయత్నంలో పిల్ల రాబందుల్ని వదిలారు. అది పారలేదు. వయసు తక్కువ పక్షులు ఒకచోట ఉండవు, దేశం పట్టుకుని తిరుగుతాయి. అప్పుడు పద్ధతి మార్చారు. ఎదిగిన పక్షుల్ని తెచ్చి, కొండ అంచున పెద్ద పంజరాల్లో ఏళ్ళ తరబడి ఉంచారు. ఆ గాలి, ఆ లోయ వాటికి అలవాటయ్యాయి. అక్కడే జతలు కట్టాయి. 1981 డిసెంబరులో జోంత్ నది లోయ దగ్గర తలుపులు తెరిచారు. మరుసటి ఏడాది, 1982లోనే, కొండ మీద స్వేచ్ఛగా కట్టుకున్న గూట్లో మొదటి పిల్ల పుట్టింది! 1986 వరకు మొత్తం 61 పక్షుల్ని వదిలారు. ఇవాళ అక్కడ వందల జతలు గూళ్ళు కడుతున్నాయి.

ఇది తేలిక విషయం కాదు. ఒక జత ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఇద్దరూ వంతులు వేసుకుని సుమారు రెండు నెలలు పొదుగుతారు. పిల్ల ఎగరడానికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది. ఆ పిల్ల మళ్ళీ తల్లి కావడానికి నాలుగైదేళ్ళు! ఇంత నిదానంగా పెరిగే వంశం కాబట్టే ఒకసారి దెబ్బతింటే కోలుకోవడం కష్టం. 2022లో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు ఆ లోయల్లో ఎన్నో గూళ్ళల్లో పిల్లలు దక్కలేదు.

గ్రిఫాన్‌ల వెనకే మిగతా బంధువులూ వచ్చాయి. 1992 నుంచి నల్ల రాబందుల్నీ, 2012 నుంచి గడ్డపు రాబందుల్నీ వదిలారు. ఈ గడ్డపు రాబందు ఎముకలు తింటుంది. పెద్ద ఎముకైతే ఎత్తు నుంచి రాళ్ళ మీద పడేసి పగలగొట్టుకుంటుంది. మనం కొబ్బరికాయ కొట్టుకున్నట్టే!

రైతులతో గొడవలు లేవా అంటే, ఉన్నాయి. ఒప్పందం కుదుర్చుకున్న రైతులు తమ పొలంలో కంచె వేసిన చోట చచ్చిన గొర్రెని ఉంచుతారు. పక్షులు తినిపోతాయి. కళేబరాన్ని లారీలో తీసుకెళ్ళే పని తప్పుతుంది. ఇది అందరికీ లాభమే. కానీ, 'బలహీనంగా పడి ఉన్న బతికున్న గొర్రెని కూడా పొడుస్తున్నాయి' అని ఫిర్యాదు చేసే రైతులూ ఉన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. ఇరుగుపొరుగన్నాక మాటా మాటా తప్పదు కదా!

గూటి జోలికి పోవద్దు

ఇప్పుడు మళ్ళీ కొండ ఎక్కుదాం. పొద్దున్నే వెళ్తే రాబందులు కనబడవు. ఎండెక్కాలి. సున్నపురాయి వేడెక్కి, పొయ్యి మీద ఆవిరి లేచినట్టు గాలి పైకి లేవాలి. అప్పుడు ఒక్కొక్కటే రెక్కలు చాచి, ఆ గాలి మీద కూర్చుని, రెక్క ఆడించకుండా పైకి తేలతాయి. ఏడెనిమిది కిలోల ఒళ్ళు అది. రెక్కలాడిస్తూ ఎగరాలంటే దాని శక్తి చాలదు. అందుకే కొండ అంచునే తిరుగుతుంది. కొండ అంచున వేలాడే మనకి అంత దగ్గరగా కనబడేది కూడా అందుకే. కింద నుంచి చూస్తే ఆకాశంలో చుక్క. ఇక్కడ దాని మెడచుట్టూ తెల్లటి నూగు పట్టీ, అటూ ఇటూ తిరిగే కళ్ళు, రెక్కల చివర వేళ్ళలా విచ్చుకున్న ఈకలు... అన్నీ చూడొచ్చు. పాముల్ని పట్టే గద్దలు, గాలిలోంచి రాయిలా దూకే పెరెగ్రీన్ డేగలు కూడా ఆ లోయల్లో ఉన్నాయి.

అయితే ఒక షరతు. వాళ్ళింటికి మనం చుట్టాలం. రాబందులు చలికాలంలో గుడ్లు పెడితే, పిల్లలు ఎగిరేది ఎండాకాలం చివర. ఆ మధ్యలో మనుషులు గూటి దగ్గరికి వెళ్తే తల్లి బెదిరి లేచిపోతుంది. గుడ్డు చల్లబడిపోతుంది. లేదా కాకులు పొడుచుకుపోతాయి. ఏడాదికి ఒకే గుడ్డు అని చెప్పుకున్నాం కదా, అంటే ఆ ఏడు పోయినట్టే. అందుకే ఈ లోయల్లో గూళ్ళున్న కొండ ముఖాలు కొన్నింటిని ఆ నెలల్లో ఎక్కేవాళ్ళకి మూసేస్తారు. అరుపులు, కేకలు వద్దంటారు. తిండి విసరకూడదు, రాయి దొర్లించకూడదు. గైడుకి ఏ గూడు ఎక్కడుందో తెలుసు. ఒక మాట పట్టింపుతో ఒక పిల్ల బతుకుతుంది.

మరి మన జటాయువు?

సీతమ్మ కోసం రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిన జటాయువు ఎవరు? ఆమె జాడ వానరులకి చెప్పిన సంపాతి ఎవరు? ఇద్దరూ గద్దజాతివాళ్ళే, గృధ్రరాజులే. లేపాక్షి పేరు చెబితే మనకి ఆ కథే గుర్తొస్తుంది. అయినా 'రాబందుల్లా పీక్కు తింటున్నారు' అని తిట్టడానికి మాత్రం ఆ పక్షినే వాడుకుంటాం!

ఆ పక్షి మన కళ్ళముందే మాయమైపోయింది. మీ చిన్నప్పుడు ఊరి బయట కళేబరం చుట్టూ గుంపులుగా చూసే ఉంటారు. మీ పిల్లలు చూశారా? 1990ల నుంచి మన దేశంలో రాబందులు నూటికి తొంభయ్యేడు, కొన్ని జాతుల్లో తొంభై తొమ్మిదికి పైగా చచ్చిపోయాయి. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో గుట్టు తెలిసింది. మన మోకాళ్ళ నొప్పులకి వాడే డైక్లోఫెనాక్ ఉంది చూశారూ... అదే మందుని పశువులకీ ఇచ్చేవారు. మందు పడిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై రోజుల్లో చచ్చిపోయేది.

నష్టం పక్షితో ఆగలేదు. కళేబరాలు ఊళ్ళ పక్కన కుళ్ళాయి. వీధికుక్కలు పెరిగాయి. నీళ్ళు పాడయ్యాయి. రాబందులు పోయిన కారణంగా 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో లెక్క కట్టి చెప్పారు. ఒక పక్షి పోతే మనుషులు పోతారా అనేవాళ్ళకి ఇదే జవాబు.

పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందుల్ని కూడా పశువులకి వాడకూడదంది. మన దగ్గర ఆదిలాబాద్ వైపు, బెజ్జూరు అడవుల్లో పాలరాపుగుట్ట మీద కొండ అరల్లో రాబందుల గూళ్ళు బయటపడితే, అటవీశాఖ వాళ్ళు ఊరివాళ్ళనే కాపలా పెట్టి చూసుకున్నారు.

ఇందులో మన పనీ ఒకటుంది. మీ ఇంట్లోగానీ, పుట్టింట్లోగానీ పాడి ఉందా? గేదెకి జ్వరమో, వాపో వస్తే, ఇంట్లో మనుషులకున్న నొప్పుల ఇంజెక్షన్ వేయించకండి. 'రాబందులకి హాని చేయని మెలాక్సికామ్ ఇవ్వండి' అని పశువుల డాక్టరుని అడగండి. కుక్కలకోసమని కళేబరానికి విషం పూయనివ్వకండి. అంతే. ఫ్రాన్స్ వెళ్ళకుండానే రాబందుకి మేలు చేసినవాళ్ళవుతారు.

మనవల్ల అవుతుందా?

ఎందుకు కాదూ? 1975లో ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ, జపాన్‌కి చెందిన జుంకో తాబెయ్‌కి అప్పటికి చిన్న పాప ఉంది. ప్రయాణం ఖర్చుల కోసం ఆవిడ పియానో పాఠాలు చెప్పుకుంది. డబ్బు చాలక ఆ జట్టు ఆడవాళ్ళు పాత కారు సీటు కవర్లు చింపి సంచులూ, చేతి తొడుగులూ కుట్టుకున్నారు! 2014లో మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి మొదట చెయ్యి పెట్టింది మన భువనగిరి రాయి మీదే.

మనకి ఎవరెస్టు అక్కర్లేదు. అబ్బాయో అమ్మాయో ఉద్యోగానికి తులూజ్‌లోనో, మాంట్‌పెల్లియెలోనో ఉండి 'రండమ్మా' అంటే, వాళ్ళింట్లో వంటే చేసి తిరిగి రాకుండా ఒక పూట అడగండి. మాంట్‌పెల్లియె నుంచి మియోకి కారులో ఇంచుమించు గంటన్నర ప్రయాణం. ఫ్రాన్స్‌లో ఈ దారుల్ని తేలిక నుంచి అతికష్టం దాకా ఆరు తరగతులుగా విభజించారు. మొదటిసారి తేలిక దారే అడగండి. కొండ ఎక్కలేకపోయినా ఫరవాలేదు. జోంత్ లోయలో రాబందుల్ని చూపించడానికి ప్రత్యేకంగా కట్టిన కేంద్రం నుంచి దూరదర్శినితో చూడొచ్చు.

వెళ్ళే ముందు గుర్తుంచుకోండి

* చీర, చున్నీ వద్దు. ఒంటికి పట్టిన ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, అడుగు జారని బూట్లు. జడ బిగించి లోపలికి దోపుకోవాలి.

* గాజులు, ఉంగరాలు, వేలాడే చెవి రింగులు తీసేయండి. ఉంగరం కడ్డీకి చిక్కుకుంటే వేలే ఊడొచ్చు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపల కదలకుండా పిన్ను పెట్టుకోండి.

* ఉక్కు తాడు పోగులు గుచ్చుకుంటాయి. చేతి తొడుగులు తప్పనిసరి.

* బీపీ, గుండెజబ్బు, కళ్ళు తిరగడం, మోకీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. గర్భవతులు ఎక్కకూడదు. భుజం నొప్పి ఉంటే గైడుకి ముందే చెప్పాలి.

* అద్దెకిచ్చే పరికరంలో కుట్టు ఊడిన గుర్తుందేమో, ఏ ఏడాదిదో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

* బరువంతా చేతుల మీద వేయకండి. కాళ్ళతో లేవండి, చేతులు పట్టు కోసమే. పిండి రుబ్బిన చేతులే అయినా అరగంటలో పట్టు సడలిపోతుంది.

* తిండి బరువుగా వద్దు. నాలుగు పల్లీ ఉండలు, రెండు ఖర్జూరాలు, లీటరున్నర నీళ్ళు చాలు. పులిహోర డబ్బా కిందికి దిగాక తెరవండి. కాగితం ముక్క కూడా కొండ మీద వదలకండి.

* ఫోటో మోజులో కొక్కెం మరవకండి. రెండు చేతులూ ఖాళీ అయ్యేచోట గైడే ఆపి చూపిస్తాడు.

ఇంట్లో ఒకేసారి పాలు పొంగకుండా, పప్పు మాడకుండా, పిల్లాడి షూ లేసు విప్పకుండా చూసుకునేది మనమే కదా! 'ముందు ఇది తగిలించాకే అది తీయాలి' అన్న లెక్క మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. అవకాశం వస్తే వదలకండి. రాకపోతే, ఈసారి ఊరెళ్ళినప్పుడు పశువుల కొట్టంలోని మందుల అలమర ఒకసారి తెరిచి చూడండి. అందులో ఏ మందుందో చూశాక, మీ అమ్మగారితో ఈ నాలుగు ముక్కలూ చెప్పండి.